చారల ఆకుల నేల ఆర్కిడ్: గుర్తించుట, పెంచుట

మన సరిహద్దు గ్రామాల వారపు సంతలలో పూలమొక్కల బండి ఇప్పుడు సర్వసాధారణమైపోయినది. కడియం, కడియపులంక నర్సరీలలో లారీ ఎక్కిన మొక్కలు శ్రీకాకుళం దాటి, పర్లాకిమిడి మీదుగా గజపతి జిల్లా పల్లెల దాకా వస్తున్నవి. గులాబీ, మందార, క్రోటన్ల నడుమ కొంతకాలంగా మరొక మొక్క కూడా ఆ బండ్లపై కనబడుతున్నది. పొడవైన మడతల ఆకులు, ఆకు పొడవునా వెన్నరంగు చారలు. దీనిని అమ్మేవారు "వెరైగేటెడ్ గ్రౌండ్ ఆర్కిడ్" అంటారు. పచ్చని ఆకుల ఆర్కిడ్ కంటే దీనికి మూడు నాలుగు రెట్లు ధర చెబుతారు.

"మాస్టారూ, ఇది నిజంగా ఆర్కిడ్డేనా? డబ్బు పెట్టి కొన్నాక గడ్డి అని తేలితే ఇంట్లో మాట పడాలి" అని మా వీధిలోని ఒక తల్లి నన్ను అడిగినారు. ఆమె సందేహం న్యాయమైనది. ఆర్కిడ్ పేరిట ఆర్కిడ్ కానివి అమ్ముడుపోతున్నవి. చారల పేరిట రోగపు మొక్కలూ అమ్ముడుపోతున్నవి. ఈ రెండవ పొరపాటు నేను స్వయంగా చేసి, ఇరుగుపొరుగులకు నష్టం కలిగించినవాడను. ఆ అనుభవం కూడా ఈ వ్యాసంలో చెబుతాను. ముందుగా మొక్కను తెలుసుకుందాము.

నేలపై పెరిగే ఆర్కిడ్లు

ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మను పట్టుకొని వేలాడే మొక్క మన మనస్సులో మెదలుతుంది. చెట్టు మీద పెరిగేదంతా బదనికే అని మన పెద్దలు అనుకునేవారు. నిజానికి బదనిక చెట్టు రసాన్ని పీల్చే మొక్క. ఆర్కిడ్ చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది, దాని ఆహారాన్ని దొంగిలించదు. అన్ని ఆర్కిడ్లు చెట్లపైనే పెరుగుతాయనుకోవడం కూడా పొరపాటే. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో వెలువరించిన గ్రంథం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులను లెక్కించినది. అందులో 447 జాతులు నేలలో వేరూని పెరిగేవే. మన తూర్పు కనుమలలోనే యూలోఫియా, జియోడోరం, హేబెనేరియా, నెర్విలియా అనే ప్రజాతులకు చెందిన నేల ఆర్కిడ్లు వానాకాలంలో తలెత్తుతాయి.

సంతలో అమ్మే చారల ఆకుల మొక్క సాధారణంగా వీటిలోనిది కాదు. దాని శాస్త్రీయ నామము స్పాథోగ్లోటిస్ ప్లికేటా. జావా ద్వీపపు వృక్షాలను అధ్యయనం చేసిన బ్లూమ్ అనే శాస్త్రవేత్త 1825లో దీనికి ఈ పేరు పెట్టినాడు. ప్లికేటా అనగా మడతలు గలది అని అర్థం. చీర కుచ్చిళ్ళ వలె మడతలు పడిన దాని ఆకును చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో చెప్పనక్కర లేదు. ఆగ్నేయాసియా నుండి పసిఫిక్ దీవుల దాకా దీని సహజ నివాసము. మన అండమాన్ నికోబార్ దీవులలోనూ కలదు. తోటల నుండి తప్పించుకొని హవాయి, పోర్టోరికో వంటి చోట్ల అడవి మొక్కగా స్థిరపడినది. అంత మొండి మొక్క కనుకనే మన ఇండ్లలో కూడా సులభంగా పెరుగుతుంది. ఆర్కిడ్లంటే గాజుగదిలో పెంచవలసినవి అన్న భయం దీని విషయంలో అవసరం లేదు.

గుర్తించే నాలుగు ఆనవాళ్ళు

మొదటిది దుంప. మొక్క మొదట మట్టిని వేలితో కొద్దిగా తొలగించి చూడండి. నేల మట్టానికి కాస్త పైన, ఆకుల పాదం వద్ద, చిన్న ఉల్లిపాయ అంత లేదా అంతకంటే చిన్నదైన గట్టి దుంపలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకొని ఉంటాయి. పాత ఆకులు రాలిన చోట వాటి చుట్టూ వలయాలు కనబడతాయి. ఇవి ఉల్లి వలె పొరలుగా విడివడవు, లోపలంతా గట్టిగానే ఉంటాయి. వృక్షశాస్త్రంలో వీటిని మిథ్యాకందములు అంటారు. నీటిని, ఆహారాన్ని నిలువ చేసుకునే కాండభాగమే ఇది.

రెండవది ఆకు. ఒక్కొక్క దుంపకు మూడు నుండి అయిదు ఆకులు ఉంటాయి. అవి మూర పొడవు నుండి మీటరు దాకా పెరుగుతాయి. వెడల్పు మాత్రం 7 సెంటీమీటర్లకు మించడం అరుదు. ఆకు పలుచగా కాగితం వలె ఉండి, పొడవునా మడతలు పడి, రెండు కొసల వైపు సన్నబడుతుంది.

మూడవది పూలకాడ. ఇది ఆకుల నడుమ నుండి రాదు. దుంప పక్క నుండి విడిగా పుట్టి నిటారుగా లేస్తుంది. దాని కొసన మొగ్గలు గుత్తిగా ఉండి, కింది నుండి పైకి రోజుకొకటి రెండు చొప్పున విచ్చుకుంటాయి. ఆ విధంగా ఒక్క కాడ అనేక వారాలపాటు పూస్తూనే ఉంటుంది.

నాలుగవది పువ్వు. సాధారణంగా ఊదా కలిసిన గులాబీ రంగు, 3 నుండి 4 సెంటీమీటర్ల వెడల్పు. బయట మూడు రక్షకపత్రాలు, లోపల మూడు ఆకర్షకపత్రాలు ఉంటాయి. ఈ లోపలి మూడింటిలో ఒకటి మిగిలిన రెండింటి వలె ఉండదు. మూడు తమ్మెలుగా చీలి, మధ్యలో పసుపు బుడిపెతో ఉంటుంది. దీనిని పెదవి అంటారు. కేసరములు, కీలము విడివిడిగా కాక ఒకే స్తంభముగా కలిసిపోయి ఉంటాయి. పెదవి, స్తంభము రెండూ కనబడినచో అది ఆర్కిడ్ అని నిశ్చయించుకోవచ్చును. మొక్క పూలు లేకుండా అమ్మకానికి వచ్చినచో మొదటి మూడు ఆనవాళ్ళలో దుంపను తప్పక చూడవలెను.

పోలికతో మోసపోయే మొక్కలు

మన పొలం గట్లపై తొలి వానలకు మొలిచే నేలతాడిని మీరందరూ ఎరుగుదురు. ఒడియాలో తాళమూళి అంటారు. చిన్న తాటి మొలక వంటి ఆకులు, నేలకు ఆనుకొని పసుపు నక్షత్రాల వంటి పూలు. దాని శాస్త్రీయ నామము కుర్కులిగో ఆర్కియాయిడిస్. ఆ రెండవ పదానికి ఆర్కిడ్ వంటిది అని అర్థం. అంటే శాస్త్రజ్ఞులు కూడా ఈ పోలికను గమనించినారన్నమాట. కాని అది ఆర్కిడ్ కాదు.

ఇదే నేలతాడికి పెద్దన్న వంటి మొక్క మరొకటి ఉన్నది. దాని పేరు కుర్కులిగో కాపిటులాటా. మోలినేరియా అని కూడా వ్యవహరిస్తారు. దీని ఆకు మీటరు దాకా పెరుగుతుంది, మడతలూ ఉంటాయి, తెల్లచారల రకమూ ఉన్నది. చారల ఆర్కిడ్ అని తెచ్చుకొన్న మొక్క చాలాసార్లు ఇదే అవుతుంది. తేడా తెలుసుకొనుట కష్టం కాదు. దీనికి మట్టిపైన దుంపలు ఉండవు. ఆకుకు పొడవైన కాడ ఉండి, ఆ కాడ లోపలి వైపు కాలువ వలె ఉంటుంది. పూలు పసుపు రంగులో మొక్క మొదట్లోనే గుత్తిగా దాగి ఉంటాయి. అందమైన మొక్కే, నీడలో బాగా పెరుగుతుంది. కాని ఆర్కిడ్ ధర ఇవ్వనక్కర లేదు. నన్ను ప్రశ్న అడిగిన తల్లి చూపించిన మొక్క ఇదే. ఆమె ఇంకా కొనలేదు కనుక ఇంట్లో మాట పడలేదు.

తాటి, ఈత మొలకలు కూడా చిన్నప్పుడు మడతల ఆకులతో ఉంటాయి. వాటి ఆకు గట్టిగా, తోలు వలె ఉంటుంది. తెల్లచారల అల్లం జాతి అలంకార మొక్కలకు ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ఆర్కిడ్ ఆకుకు అటువంటి వాసన లేదు.

చారలు ఎందుకు వస్తాయి?

ఆకుకు పచ్చదనాన్ని ఇచ్చేది పత్రహరితము. మొక్కకు అన్నం వండి పెట్టేది కూడా అదే. ఆకు కొన్ని పొరలలోని కణాలు ఏదో ఒక మార్పు వలన పత్రహరితాన్ని తయారు చేసుకొనే శక్తిని కోల్పోయినచో ఆ భాగం తెల్లగానో, పసుపుగానో కనబడుతుంది. పచ్చని కణాలు, తెల్లని కణాలు ఒకే మొలక కొసలో పక్కపక్కనే కలిసి ఉన్నప్పుడు, ఆకు పెరిగేకొద్దీ అవి చారలుగా సాగుతాయి. ఒకే మొక్కలో రెండు రకాల కణజాలము కాపురం ఉన్నదన్నమాట.

దీని నుండి మూడు విషయాలు గ్రహించవలెను. మొదటిది, తెల్లని భాగం వండదు, తినడం మాత్రమే చేస్తుంది. అందువలన చారల మొక్క పచ్చని మొక్క కంటే నెమ్మదిగా పెరుగుతుంది. ఇది సహజమే, రోగం కాదు. రెండవది, అప్పుడప్పుడు పూర్తి పచ్చని పిలక పుట్టవచ్చును. అది బలంగా పెరిగి, చారల పిలకలను మించిపోతుంది. అటువంటి దానిని చిన్నగా ఉన్నప్పుడే వేరు చేసి మరొక కుండీలో పెట్టుకోవలెను. మూడవది, పూర్తిగా తెల్లని పిలక కూడా పుట్టవచ్చును. చూడముచ్చటగా ఉంటుంది గాని తల్లి దుంప నుండి వేరు చేస్తే బ్రతకదు. దానిని విడదీసి ఎవరైనా అమ్మినచో కొనరాదు.

చార వేరు, తెగులు వేరు

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. 2021లో సంతలో ఒక నేల ఆర్కిడ్ కొన్నాను. ఆకులపై లేత పసుపు మచ్చలు అక్కడక్కడ ఉన్నవి. చారలు ఇంకా సరిగా రాలేదు, వస్తాయి అని అమ్మినవాడు చెప్పగా నమ్మినాను. మరుసటి వానాకాలంలో దుంపలు పెరిగినవి. ఒకే కత్తితో నాలుగు భాగాలు చేసి, ఒకటి నేనుంచుకొని, మూడింటిని మూడు ఇండ్లకు పంచినాను. అదే కత్తితో నా దగ్గర ఉన్న పచ్చని ఆర్కిడ్‌ను కూడా విడదీసినాను.

ఆ తరువాతి సంవత్సరం పూలు వచ్చినవి. గులాబీ రంగు సమంగా లేదు. కుంచెతో గీసి వదిలినట్లు తెల్లని తునకలు ఉన్నవి. పచ్చని మొక్క ఆకులపైన కూడా మచ్చలు మొదలైనవి. అప్పుడు అనుమానం వచ్చి, వృక్షరోగ శాస్త్రం బోధించే ఒక మిత్రునికి చూపించినాను. "కంటితో చూసి పేరు చెప్పలేను గాని, కత్తి తగిలిన మొక్కకు కూడా పాకినదంటే ఇది వైరస్ లక్షణమే. మందు లేదు. తీసి కాల్చు" అన్నాడు.

మూడు ఇండ్లకూ వెళ్ళినాను. ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు. మూడవ ఇంటి పిన్ని మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. మొక్క బాగా దుబ్బు కట్టినది, పెరటిలో అదే అందము. "మీరిచ్చిందే కదా మాస్టారూ, మీరే తీయండి" అన్నది చివరకు. తీసినాను. అప్పుడు ఆమె మరొక మాట చెప్పినది. ఒక దుంపను టెక్కలిలో ఉన్న కూతురికి పంపినదట. పెండ్లిండ్లకు, పండుగలకు మనం అటూ ఇటూ తిరుగుతున్నట్లే మొక్క కూడా రాష్ట్రం దాటిపోయినది. దానితో తెగులూ దాటినది. ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పవలసి వచ్చినది. పిల్లలకు సైన్సు పాఠం చెప్పే నేను ఆ పాఠం అంత ఖరీదుకు నేర్చుకున్నాను.

ఆర్కిడ్లకు సోకే వైరస్‌లలో సింబిడియం మొజాయిక్, ఓడొంటోగ్లాసం రింగ్‌స్పాట్ అనే రెండు ప్రపంచమంతటా కనబడేవి. ఇవి ముఖ్యంగా కత్తి, కత్తెర, చేతులకు అంటిన రసం ద్వారా వ్యాపిస్తాయి. మరికొన్ని మొజాయిక్ వైరస్‌లను పేనుబంక మోసుకొని వెళ్తుంది. అందుచేత చారను, తెగులును వేరుగా గుర్తించుట చాలా అవసరము.

అసలైన చార ఆకు మొదలు నుండి కొస వైపు ఈనెల వెంట నడుస్తుంది. దాని అంచు గీత గీసినట్లు స్పష్టంగా ఉంటుంది. ఒకే పిలకలోని ఆకులన్నింటిలో ఇంచుమించు అదే పోలిక కనబడుతుంది. ఆకు నునుపుగా, వంకర లేకుండా ఉంటుంది.

వైరస్ మచ్చ ఈనెలను లెక్క చేయదు. అంచులు మసకగా, చుక్కలుగా, వలయాలుగా, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. కొన్నిచోట్ల ఆకు కుంగి నల్లబడుతుంది. పువ్వు రంగు విరిగినట్లుంటుంది.

ఆహార లోపం మరొక విధము. ఇనుము లోపించినచో లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి నడిమి భాగం పసుపుబారుతుంది. మెగ్నీషియం లోపించినచో ముదురు ఆకులలో ముందుగా ఆ లక్షణం కనబడుతుంది. సరియైన పోషకం ఇచ్చినచో ఆ తరువాత వచ్చే ఆకులు బాగుపడతాయి. ఎర్రనల్లి పట్టినచో ఆకుపై సూదితో గుచ్చినట్లు సన్నని తెల్లని చుక్కలు వచ్చి, అడుగున సన్నని గూడు కనబడుతుంది.

కొనేటప్పుడు అన్నింటికంటే కొత్త ఆకును చూడండి. చార అందులో స్పష్టంగా ఉన్నచో మొక్క మంచిది. "తరువాత వస్తాయి" అన్న మాటకు డబ్బు ఇవ్వవద్దు. ఇంటికి తెచ్చిన కొత్త మొక్కను కనీసం రెండు నెలలు మిగిలిన మొక్కలకు దూరంగా ఉంచండి.

నాటే విధము

ఈ మొక్కకు తేమ కావలెను గాని నిలువ నీరు పనికిరాదు. నల్లరేగడి ఒక్కటే అయితే వేర్లు కుళ్ళుతాయి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపినచో మన వాతావరణానికి సరిపోతుంది. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్ళలో కడిగి ఉప్పును తీయవలెను. 8 నుండి 10 అంగుళాల కుండీ చాలు. అడుగున రంధ్రాలపై పెంకులు, ఇటుక ముక్కలు ఒక పొరగా పరచండి.

దుంపను పూర్తిగా పూడ్చరాదు. మూడవ వంతు మట్టిలో, మిగిలినది పైన ఉండవలెను. బంగాళాదుంప వలె లోతుగా నాటుట వలన కొత్త మొలక కుళ్ళిపోతుంది. మొక్కలు చనిపోవడానికి మా వైపు నేను చూసిన కారణాలలో ఇదే ఎక్కువ. నేలలో నాటదలచినవారు జానెడు ఎత్తు మడి కట్టి నాటవలెను.

ఎండ, నీరు, ఎరువు

పచ్చని ఆకుల మొక్క చాలా ఎండను తట్టుకుంటుంది. చారల మొక్కకు కొంచెం లెక్క అవసరము. మరీ నీడలో ఉంచినచో వండే పచ్చని భాగం తక్కువ కనుక మొక్క నీరసించి పూయదు. మధ్యాహ్నపు ఎండలో ఉంచినచో తెల్లని భాగం మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఉదయం తొమ్మిది, పది గంటల వరకు ఎండ తగిలి, ఆ తరువాత మునగ చెట్టు నీడ వంటి పలుచని నీడ ఉండే తూర్పు అరుగు దీనికి అనువైన చోటు. నీడవల వాడేవారు సగం వెలుతురును ఆపే వలను వాడవచ్చును. వైశాఖ, జ్యేష్ఠ మాసాల వడగాడ్పు నుండి మాత్రం గోడ చాటు ఉండవలెను.

వేసవిలో పైమట్టి ఆరగానే నీరు పోయవలెను. రోజూ అవసరం కావచ్చును. వానాకాలంలో కుండీ నుండి నీరు సాఫీగా పోతున్నదా అని చూస్తే చాలు. చలికాలంలో నీటిని సగానికి తగ్గించవలెను. మహేంద్రగిరి వాలులలోని గ్రామాలవారు ధనుర్మాసపు చలిలో కుండీని రాత్రిపూట వసారాలోకి తేవలెను; 10 డిగ్రీలకు దిగిన చలి ఈ మొక్కకు సరిపడదు. చలికి, ఎద్దడికి ఆకులు కొన్ని రాలినచో మొక్క చచ్చినదని పారవేయకండి. దుంప గట్టిగా ఉన్నంతవరకు ప్రాణం ఉన్నట్లే. వానలకు మళ్ళీ చిగురిస్తుంది.

ఎరువు తక్కువగా, తరచుగా ఇవ్వవలెను. వేరుశనగ చెక్క 100 గ్రాములను లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, తేటను పది రెట్లు నీటితో పలుచన చేసి పదిహేను రోజులకొకసారి పోయవచ్చును. దుకాణపు ఎరువు వాడేవారు 19-19-19 ను లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపితే చాలు. చలికాలంలో ఎరువు ఆపవలెను. ఆకు కొసలు మాడుతున్నచో ఎరువు ఎక్కువైనదని గుర్తు.

పురుగులు

పూలకాడపై చీమలు తిరుగుతుంటే కంగారు పడకండి. ఈ మొక్క మొగ్గల వద్ద తీయని రసాన్ని ఊరిస్తుంది, చీమలు దానికై వస్తాయి. అయితే ఆకుల అడుగున, దుంపల సందులలో కూడా చీమలు చేరినచో పేనుబంక, పిండినల్లి ఉన్నదేమో చూడవలెను. కొద్దిగా ఉన్నప్పుడు తడిబట్టతో తుడిస్తే పోతాయి. ఎక్కువైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలం పిచికారి చేయవలెను. నత్తలు రాత్రివేళ లేత మొలకలను, మొగ్గలను కొరుకుతాయి. దీపంతో వెతికి ఏరివేయుటే మేలు. దుంప మెత్తబడి వాసన వస్తున్నచో ఆ భాగాన్ని కోసి పారవేసి, మిగిలినదానిని కొత్త మట్టిలో నాటవలెను.

పిలకలు విడదీయుట

చారల మొక్కను పెంచుకొనే నమ్మకమైన మార్గము దుంపలను విడదీయుటే. రెండేళ్ళకొకసారి, కుండీ నిండినప్పుడు చేయవచ్చును. దీనికి తొలకరి మంచి సమయము. మన తెలుగువారికి ఏరువాక పున్నమి ఉన్నది. ఒడియా ఇరుగుపొరుగులకు జూన్ నడుమ రజ పండుగ ఉన్నది. రజ రోజులలో భూమాతకు విశ్రాంతి అని వారు మన్ను తవ్వరు. వారి నడుమ బ్రతుకుతున్న మనం కూడా ఆ పండుగ వెళ్ళిన తరువాత పని మొదలుపెట్టినచో మర్యాదకు మర్యాద, మొక్కకు కూడా సరియైన అదను.

మొక్కను మట్టితో సహా తీసి, వేర్లను కడగండి. ఒక్కొక్క భాగానికి కనీసం మూడు దుంపలు ఉండునట్లు కోయండి. కొత్త మొలక ఏ దుంప పాదం నుండి వస్తుందో ఆ దుంప లక్షణాన్నే సాధారణంగా అనుసరిస్తుంది. కనుక పచ్చ, తెలుపు సమంగా ఉన్న పిలకనే వంశానికి ఎన్నుకోవలెను. తెలుపు మరీ ఎక్కువైనది నిలవదు, తక్కువైనది పచ్చబడిపోతుంది. కోసిన చోట్ల పసుపుపొడి అద్దుట మా ఇండ్ల అలవాటు. ఒక రోజు నీడలో ఆరనిచ్చి నాటండి.

అన్నింటికంటే ముఖ్యమైన నియమము కత్తికి సంబంధించినది. ఒక మొక్క తరువాత మరొక మొక్కను కోసే ముందు కత్తి అంచును పొయ్యి మంటపై ఎర్రబడే దాకా కాల్చి, చల్లార్చవలెను. చేతులు సబ్బుతో కడుగుకోవలెను. ఈ రెండు నిమిషాల పని 2022లో నేను చేసి ఉన్నచో నా పచ్చని ఆర్కిడ్‌కు ఆ కత్తి ద్వారా తెగులు పాకేది కాదు.

విత్తనాలతో చారలు వస్తాయా?

ఈ మొక్క తనంతట తానే కాయలు కట్టుట ఎక్కువ. కాయ పగిలినప్పుడు వచ్చే విత్తనాలు ధూళి వలె ఉంటాయి. వాటిలో వరి గింజలో ఉన్నట్లు నిలువ ఆహారం ఉండదు. ప్రకృతిలో ఒక విధమైన శిలీంధ్రము సహాయపడితేనే మొలకెత్తుతాయి. 1922లో నడ్సన్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపిన మాధ్యమంపై శిలీంధ్రము లేకుండానే ఆర్కిడ్ విత్తనాలను మొలిపించినాడు. నేటి ఆర్కిడ్ ప్రయోగశాలలన్నిటికీ అదే పునాది. అయితే పైన చెప్పినట్లు చార రెండు కణజాలాల కాపురం కనుక, విత్తనం ద్వారా ఆ కాపురం సాధారణంగా రాదు. చారల ఆర్కిడ్ విత్తనాలు అని పొట్లాలలో అమ్మేవారిని నమ్మవద్దు.

కొండ మొక్కను కొండపైనే ఉండనిద్దాము

చివరగా ఒక విన్నపము. ఆర్కిడ్‌కు ధర ఉన్నదని తెలియగానే కొండపై దుంపలను తవ్వి సంతకు తెచ్చేవారు బయలుదేరుతారు. మన కొండలలోని నెర్విలియా జాతులలో కొన్నింటి ఆకుపై సహజంగానే రంగుల పొడలు ఉంటాయి. వాటిని కూడా చారల ఆర్కిడ్ అనవచ్చును. కాని అవి కొండమట్టిలోని శిలీంధ్రంతో ముడిపడి బ్రతికేవి. ఏడాదికి ఒక్క ఆకు వేసి, మిగిలిన కాలం భూమిలో నిద్రపోతాయి. పెరటికి తెచ్చినచో ఎక్కువ భాగం చనిపోతాయి. కొన్నవారికీ దక్కవు, కొండకూ మిగలవు. రక్షిత అడవి నుండి మొక్కలను తవ్వి తెచ్చుట చట్టప్రకారం నేరము కూడా. ఆర్కిడ్ కుటుంబం యావత్తూ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణకు ఉద్దేశించిన సైటిస్ ఒప్పందపు పట్టికలలో ఉన్నది.

నర్సరీలో పెంచిన మొక్కకు కుండీ, దానికి అలవాటైన మట్టి, నిండైన వేర్లు ఉంటాయి. అడవి నుండి తవ్విన దుంపకు వేర్లు తెగి, ఎండి, ఆకులు చిరిగి ఉంటాయి. ఈ తేడాను చూసి కొనండి, పిల్లలకు కూడా చూపించండి.

మా పెరటిలో ఇప్పుడు ఒక చారల ఆర్కిడ్ ఉన్నది. ఏడాది పాటు వేరుగా ఉంచి, పూలు చూసి, ఆకులు చూసి, ఆ తరువాతనే మొన్నటి తొలకరికి విడదీసినాను. మొదటి భాగాన్ని పిన్నికి ఇచ్చినాను. ఆమె తీసుకొంటూ, "కత్తి కాల్చినారా మాస్టారూ?" అని అడిగినది. కాల్చినానని చెప్పినాను. పాఠకులు కూడా మొక్క ఇచ్చినా, పుచ్చుకొన్నా ఆ ప్రశ్న తప్పక అడగవలెనని కోరుచున్నాను.